అగ్రరాజ్యం గెరిల్లా యుద్ధంలో ఎలా దిగబడుతుంది: పద్దు రాసి పట్టుకునే పద్ధతి

అమెరికా వియత్నాం యుద్ధంలోకి ఎప్పుడు దిగింది అని అడిగితే ఒకరు 1950 అంటారు, ఒకరు 1961 అంటారు, ఇంకొకరు 1965 మార్చి 8 అని తేదీతో సహా చెబుతారు. ఎవరిదీ తప్పు కాదు. యుద్ధానికి వెళ్దామని ఒక పూట కూర్చుని తీర్మానించిన రోజు ఆ చరిత్రలో కనపడదు. పాత బాకీకి వడ్డీ కట్టడానికి కొత్త బాకీ చేసినట్టు, ప్రతి అడుగూ కిందటి అడుగును కాపాడుకోవడానికే పడింది. కాబట్టి తేదీ కోసం వెతకడం మానేసి పద్దు రాయాలి. సాధనకు 1950 నుంచి 1968 దాకా వియత్నాం తీసుకుందాం. అమెరికా రక్షణ శాఖ తన కోసం తాను రాయించుకున్న రహస్య అధ్యయనం, 47 సంపుటాలు, దాదాపు 7,000 పేజీలు, 2011లో పూర్తిగా బయట పెట్టారు. లోపల రాసుకున్న మాటా బయటికి చెప్పిన మాటా పక్కపక్కన పెట్టి చూసే వీలు ఇంతగా దొరికే యుద్ధాలు తక్కువ.

కాగితం, గడులు

పొడుగాటి కాగితాన్ని అడ్డంగా పెట్టి ఏడు గడులు గీయండి. తేదీ, ఎవరు అడిగారు, ఏమడిగారు, ఏమిచ్చారు, బయటికి చెప్పిన కారణం, ఉత్తర్వులో రాసిన పని, వద్దన్నదెవరు. కుడి చివర ఎనిమిదో గడి ఖాళీగా వదలండి. దాని పేరు ‘దీన్ని కాపాడటానికి తర్వాత ఏం కావాల్సి వచ్చింది’. ఆ గడి అప్పటికప్పుడు నిండదు, కింది వరుస రాశాకే నిండుతుంది.

అందరి కళ్లూ సంఖ్య మీదే ఉంటాయి. మీ కన్ను ‘ఉత్తర్వులో రాసిన పని’ మీద ఉండాలి. ఉదాహరణకు 1965 మార్చి 8న దిగిన సైనికులు 3,500 మంది అనేది కొంతవరకే చెబుతుంది. ఆ 3,500 మంది కంచె లోపల నిలబడాలా, కంచె దాటి వెళ్లొచ్చా అన్నది అసలు సంగతి.

సంఖ్య రాసేటప్పుడు మూడు రకాలను కలపకండి: అడిగింది, మంజూరైంది, నెలాఖరుకు నిజంగా ఆ దేశంలో ఉన్నది. 1965 జూలై 28న అధ్యక్షుడు జాన్సన్ విలేఖరుల ముందు వియత్నాంలోని బలగాన్ని 75,000 నుంచి 1,25,000కు పెంచుతున్నామన్నాడు, అవసరమైతే మరింత పంపుతామనీ అన్నాడు. ఏడాది చివరికి అక్కడున్నది 1,84,300. ఈ రెండంకెలూ ఒకే గడిలో పడితే ఆ ఏడాది మీకెప్పటికీ అర్థం కాదు.

మొదటి వరుస సైనికుడిది కాదు, డబ్బుది

1950 మేలో అధ్యక్షుడు ట్రూమన్, వియత్నాం ఉన్న తమ వలస ప్రాంతం ఇండోచైనాలో పోరాడుతున్న ఫ్రెంచి వాళ్లకు సైనిక సాయం మంజూరు చేశాడు. మొదటి విడత చిన్నదే. 1954 నాటికి ఆ యుద్ధపు ఖర్చులో 80 శాతం దాకా వాషింగ్టన్ భరిస్తోంది. ఆ మే 7న ఫ్రెంచి వాళ్ల స్థావరం డియన్ బియన్ ఫూ పడిపోయింది. ఇక్కడ ‘కాదన్న’ వరుస ఒకటి తప్పకుండా రాయండి: ముట్టడిలో చిక్కిన ఫ్రెంచి సేన కోసం బాంబులు వేయాలన్న ప్రతిపాదన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ముందుకు వచ్చింది, బ్రిటన్ కలిసి రానంది, కాంగ్రెస్ నాయకులు షరతులు పెట్టారు, ఆయన ఆగిపోయాడు. కాదన్న వరుసలు రాయకపోతే పద్దు మొత్తం విధిరాతలా కనిపిస్తుంది. అది విధిరాత కాదు.

ఫ్రెంచి వాళ్లు వెళ్లాక పెట్టుబడి మిగిలింది, దాన్ని మోసే మనిషి కావలసి వచ్చాడు. రెండుగా చీలిన వియత్నాంలో దక్షిణాదికి నాయకుడైన ఎన్గో దిన్ దియెమ్ అలా దొరికాడు. స్థానిక ప్రభుత్వం పటుత్వం చూడటానికి పెద్ద సిద్ధాంతాలేం అక్కర్లేదు, 1955 అక్టోబరు జనాభిప్రాయ సేకరణ ఒక్కటి చాలు. దియెమ్‌కు 98.2 శాతం ఓట్లు వచ్చాయన్నారు. రాజధాని సైగాన్‌లో నమోదైన ఓటర్లు దాదాపు 4.5 లక్షలు, పడ్డాయన్న ఓట్లు 6.05 లక్షలు. తన ఊళ్లో లెక్కే ఇలా ఉన్నవాడు గ్రామాల నుంచి పంపే లెక్క ఎలా ఉంటుందో ఊహించుకోండి. దియెమ్ ఉన్నన్నాళ్లూ అమెరికా ఆ లెక్కల మీదే ఆధారపడింది.

‘సలహాదారు’ అనే మాట ఎప్పుడు సాగిందో చూడండి

సలహాదారులు 1960 చివర దాదాపు 900 మంది. 1961 చివర 3,200, 1962లో 11,300, 1963లో 16,300. పేరు మారలేదు, పని మారింది. 1961 డిసెంబరు 11న ఒక ఓడ సైగాన్ రేవుకు ముప్పైకి పైగా హెలికాప్టర్లనూ 400 మందినీ తెచ్చింది. దక్షిణ వియత్నాం సైనికులను యుద్ధానికి మోసుకెళ్లే ఆ హెలికాప్టర్లు నడిపింది అమెరికా పైలట్లే. బాంబులు వేసే విమానాల్లోనూ వాళ్లే. వెనక సీట్లో ఒక వియత్నామీ కూర్చుంటే చాలు, కాగితం మీద అది శిక్షణ. ‘ఉత్తర్వులో రాసిన పని’ గడిలో శిక్షణ అని రాసి, పక్కనే చిన్న అక్షరాల్లో ‘బాంబు వేసిందెవరు?’ అని ప్రశ్న పెట్టుకోండి.

1961 అక్టోబరులో సైగాన్ వెళ్లొచ్చిన జనరల్ మాక్స్‌వెల్ టేలర్ కొన్ని వేల మంది సైనికులను పంపమన్నాడు, మెకాంగ్ డెల్టాలో వరద సహాయం పేరుతో. అధ్యక్షుడు కెనెడీ ఆ సైనికులను ఇవ్వలేదు. ఇది మందు పుచ్చుకోవడం లాంటిది, కిక్కు దిగగానే ఇంకో గ్లాసు కావాలంటారు అని సలహాదారు ష్లెసింజర్‌తో అన్నాడు. అని, హెలికాప్టర్లూ సలహాదారులూ మాత్రం పంపాడు. గ్లాసు వద్దని గుక్కలుగా తాగినట్టయింది.

నాయకుణ్ణి మార్చిన రోజును ఎర్రసిరాతో రాయండి

1963 నవంబరు 1న వాషింగ్టన్ కనుసన్నల్లో సైగాన్ సేనాధిపతులు తిరుగుబాటు చేశారు, మర్నాడు దియెమ్‌ను చంపారు. సైనికులు దిగడం కన్నా ఇది పెద్ద మెట్టు అంటే అతిశయోక్తి కాదు. అంతకుముందు దియెమ్ ఓడిపోతే దియెమ్ ఓడిపోయినట్టు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ అమెరికా పెంచాల్సిన బిడ్డే. 1964లో, 65లో సైగాన్ గద్దె మీద మనుషులు చకచకా మారుతూ పోయారు. మారిన ప్రతిసారీ ‘ఇంతలో కూలిపోకుండా ఏదో ఒకటి చేయాలి’ అన్న వాదనే బలపడింది.

సంఘటన వచ్చినప్పుడు దాని వెనక కాగితం తేదీ చూడండి

1964 ఆగస్టు 2న టోంకిన్ సింధుశాఖలో ఉత్తర వియత్నాం పడవలు అమెరికా నౌక మాడక్స్ మీద దాడి చేశాయి. 4న రెండో దాడి జరిగిందన్నారు. జరగలేదని అమెరికా నిఘా సంస్థ చరిత్రకారుడే తర్వాత తేల్చాడు. 7న అధ్యక్షుడికి సైనిక చర్యకు అధికారమిస్తూ కాంగ్రెస్ తీర్మానం చేసింది: దిగువ సభలో 416–0, సెనేట్‌లో 88–2. చాలామంది ఇక్కడే రెండో దాడి నిజమా అబద్ధమా అన్న తగువులో ఇరుక్కుని పద్దు వదిలేస్తారు. మీరు చూడాల్సింది ఇంకోటి. అలాంటి తీర్మానానికి ముసాయిదా ఆ మే నెలలోనే తయారైంది. సంఘటన కారణం ఇవ్వలేదు, తేదీ ఇచ్చింది. 1965 ఫిబ్రవరి 7న దక్షిణాదిలో అమెరికన్లున్న ప్లైకూ స్థావరం మీద దాడి జరిగాక ఉత్తర వియత్నాం మీద బాంబింగ్ మొదలైనప్పుడు, ప్లైకూలు ట్రాముల్లాంటివని జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీ అన్నాడు. ఒకటి పోతే ఇంకోటి వస్తుందని.

డానాంగ్: ఐదు నెలలు భూతద్దం కింద

ఒక వరుస నుంచి ఇంకో వరుస ఎలా పుడుతుందో నేర్చుకోవాలంటే ఇదే చోటు. ఉత్తరం మీద బాంబులు వేయాలంటే విమానాలు కావాలి, విమానాలకు దక్షిణ వియత్నాం తీరంలోని డానాంగ్ స్థావరం కావాలి, స్థావరానికి కాపలా కావాలి. 1965 ఫిబ్రవరి 22న అక్కడి అమెరికా సేనల అధిపతి జనరల్ వెస్ట్‌మోర్లండ్ రెండు మెరైన్ బెటాలియన్లు అడిగాడు. వద్దన్నదెవరో తెలుసా? మూడేళ్ల కిందట వరద సహాయం పేరుతో సైనికులను పంపమన్న టేలరే. ఇప్పుడాయన సైగాన్‌లో రాయబారి. ఒకసారి గీత దాటితే మళ్లీ ఎక్కడా గీత గీయలేమని తంతి పంపాడు. ఆసియా అడవుల్లో గెరిల్లాలతో పోరాడటానికి తెల్ల సైనికుడు పనికిరాడని కూడా రాశాడు. ‘వద్దన్నదెవరు’ గడిలో ఒక మనిషి పేరు రెండు చోట్ల రెండు వైపులా కనిపిస్తే కంగారు పడకండి. వీళ్లు కార్టూన్ బొమ్మలు కారు.

మార్చి 8న దాదాపు 3,500 మంది మెరైన్లు తీరంలో దిగారు. వియత్ కాంగ్ గెరిల్లాలతో రోజువారీ పోరాటాల్లోకి దిగరాదు అని ఉత్తర్వు, ‘దిగరాదు’ అన్న మాటను రెండుసార్లు నొక్కి మరీ. ఆ ఉత్తర్వు నెల రోజులే నిలిచింది. ఎందుకు నిలవలేదో చూడాలంటే స్థావరం చుట్టూ వృత్తం గీయండి. మోర్టార్ మూడు నాలుగు కిలోమీటర్ల నుంచి కొడుతుంది. కంచె దగ్గర నిలబడ్డ కాపలావాడు దాన్ని ఆపలేడు, కాబట్టి నాలుగు కిలోమీటర్ల దాకా గస్తీ తిరగాలి. ఆ వృత్తంలో ఊళ్లున్నాయి. రాత్రి మోర్టార్ మోసుకొచ్చేవాడు ఆ ఊళ్ల గుండానే వస్తాడు, కాబట్టి ఊళ్లను జల్లెడ పట్టాలి. బయటికెళ్లిన గస్తీ దళం చిక్కుకుంటే ఆదుకునే దళం కావాలి, ఆ దళానికి హెలికాప్టర్లు, వాటికి మరో స్థావరం, దానికి మరో వృత్తం. ఈ లెక్కలో ఎవరి దుర్బుద్ధీ అక్కర్లేదు, ప్రతి అధికారీ తన పని సక్రమంగా చేస్తే చాలు.

ఏప్రిల్ 6న వైట్‌హౌస్ రహస్య ఉత్తర్వు మరో రెండు బెటాలియన్లు, 18 నుంచి 20 వేల సహాయక సిబ్బంది ఇచ్చి, మెరైన్లను ‘మరింత చురుగ్గా’ వాడొచ్చంది. ఈ మార్పు ముందే ప్రచారంలోకి రాకుండా చూడమని చివర్లో ఉంది. పద్దులో అన్నిటికన్నా బరువైన గడి ఇదే, బయటివాళ్లకు కనపడని గడీ ఇదే. జూన్ 7న వెస్ట్‌మోర్లండ్ కోరిక 44 బెటాలియన్లకు చేరింది. జూలై 1న కాపలా ఉన్న అదే డానాంగ్ స్థావరంలోకి గెరిల్లాలు చొరబడి విమానాలు తగలబెట్టారు. నెల తిరగకముందే జాన్సన్ ప్రకటన వచ్చింది, నిర్బంధ సైనిక సేవకు నెలకు పిలిచే వాళ్ల సంఖ్య 17,000 నుంచి 35,000కు పెరిగింది.

‘తెలియక దిగారు’ అని రాయకండి

పద్దు రాసేవాళ్లు తరచుగా చేసే తప్పు ఇదే. విదేశాంగ ఉపమంత్రి జార్జ్ బాల్ 1964 అక్టోబరులోనే 67 పేజీల హెచ్చరిక రాశాడు. 1965 నవంబరు చివర రక్షణ మంత్రి మెక్‌నమారా అధ్యక్షుడికిచ్చిన నోటులో ఇంకా బలగం పంపినా గెలుపు ఖాయం కాదనీ, నెలకు 1,000 మంది చనిపోవచ్చనీ ఉంది. పంపమన్నదీ ఆ నోటే.

మరెందుకు? దానికీ కాగితం ఉంది. 1965 మార్చి 24న రక్షణ శాఖ అధికారి జాన్ మెక్‌నాటన్ అమెరికా లక్ష్యాలను శాతాల్లో రాశాడు: పరువు పోయే ఓటమి తప్పించుకోవడానికి 70, ఆ భూభాగం చైనా చేతిలో పడకుండా 20, అక్కడి జనం మెరుగ్గా, స్వేచ్ఛగా బతకడానికి 10. ఈ మూడంకెలనూ పద్దు నెత్తిన రాసుకోండి. పరువే దాదాపు ముప్పాతిక అయినప్పుడు పంపిన ప్రతి సైనికుడూ పరువు పందేన్ని ఇంకా పెంచుతాడు. వెనక్కి రావడం ఏ ఏటికాయేడు ఖరీదవుతుంది.

అవతలివాడి అవసరం కూడా ఒక మూల రాయాలి. బాంబింగ్‌తో సరఫరా ఆపొచ్చా అని 1967 ఆగస్టులో సెనేట్ కమిటీ అడిగితే, దక్షిణాదిలో పోరు అదే స్థాయిలో సాగడానికి తిండి కాకుండా బయటి నుంచి రోజుకు 15 టన్నులు సరిపోతుందని మెక్‌నమారా చెప్పాడు. రెండున్నర టన్నుల లారీలు ఆరు. ఆకాశం నుంచి ఆరు లారీలను ఆపాలి, అదీ రోజూ.

వేరే యుద్ధంతో సరిచూడండి

ఇదే కాగితం మీద 1979 అఫ్గానిస్తాన్ రాసి చూడండి. మార్చిలో హెరాత్ నగరంలో తిరుగుబాటు తర్వాత అఫ్గాన్ నాయకుడు తరాకీ సోవియట్ సైన్యాన్ని అడిగాడు, మాస్కో కాదంది. జూలైలో బాగ్రామ్ స్థావరం కాపలాకు ఒక పారాట్రూప్ బెటాలియన్ వెళ్లింది. మళ్లీ వైమానిక స్థావరమే, మళ్లీ కాపలానే. తరాకీని అతని సహచరుడు అమీన్ చంపించి గద్దెనెక్కాడు. డిసెంబరు 12న కొద్దిమంది సోవియట్ పొలిట్‌బ్యూరో సభ్యులు చేతిరాత కాగితం మీద సంతకాలు పెట్టారు. 25న సేనలు సరిహద్దు దాటాయి, 27న అమీన్‌ను సోవియట్ దళాలే చంపాయి. ‘పరిమిత దళం’ అన్న పేరుతో వెళ్లిన సైన్యం 1989 ఫిబ్రవరి 15 దాకా అక్కడే ఉంది. తేడా గమనించండి: వియత్నాంలో పదిహేనేళ్లకు పరుచుకున్న మెట్లు ఇక్కడ తొమ్మిది నెలల్లో అయిపోయాయి. పద్దు అన్నిటికీ అతకదు కూడా. 2003 ఇరాక్‌లో ముందు పెద్ద దండయాత్ర జరిగింది, గెరిల్లా యుద్ధం దాని వెనక వచ్చింది. అక్కడ మెట్ల కోసం వెతికితే లేనివి కనిపిస్తాయి.

ఎక్కడ ఆపాలి

1968లో టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండుగ వేళ జరిగిన దాడుల తర్వాత సేనాపతులు మరో 2,06,000 మందిని అడిగారు. కొత్త రక్షణ మంత్రి క్లార్క్ క్లిఫర్డ్ ఇంతమందిని పంపితే గెలుస్తామా, ఎప్పటికి అని అధికారులను అడిగితే జవాబు రాలేదు. మార్చి 31న జాన్సన్ ప్రకటించింది 13,500. ‘ఏమడిగారు’, ‘ఏమిచ్చారు’ గడులు మొదటిసారి ఇంత దూరంగా పడ్డాయి. ఇక్కడ గీత కొట్టండి, కానీ సంఖ్య గడి చూసి మోసపోకండి. అప్పటికే దారిలో ఉన్నవాళ్లు దిగుతూనే ఉన్నారు, బలగం 5,43,400తో శిఖరానికి చేరింది 1969 ఏప్రిల్‌లో, నిర్ణయం మారిన ఏడాది తర్వాత. బయటికి వచ్చిన దారిని వేరే కాగితం మీద రాయండి, దానికి ఈ గడులు సరిపోవు.