కొండల్లో చిన్న క్షీరదాలను ప్రాణాలతో పట్టాలంటే

ఎలుకను బోనులోకి రప్పించడం తేలికే. కొండ చలిలో తెల్లారేదాకా దాన్ని బతికించడమే కష్టం. అనుమతి పత్రం అందాక, పొద్దున్నే తిరిగి చూడగలిగినన్ని బోనులే పెట్టండి.

మడతపడే అల్యూమినియం షెర్మన్ బోను (సుమారు 8×9×23 సెంటీమీటర్లు) మోతకు అనువు. 10 మీటర్లకొకటి పెడతారు. గుర్తు పెట్టిన చోటే ఉండాలన్న పట్టుదల వద్దు. అడుగు దూరంలో పడిపోయిన దుంగో, బండ సందో ఉంటే దాని వారనే ఆనించండి. వాలుకు అడ్డంగా, ఊగకుండా పెట్టి, వాననీరు లోపల నిలవకుండా తలుపు వైపు కాస్త పల్లంగా ఉంచాలి. పైన ఓ చదును రాయి, పక్కన కొమ్మకు నంబరేసిన రంగు రిబ్బను. పొగమంచు దిగితే ఆ రిబ్బనే దిక్కు.

ఎరకు ఓట్స్‌లో పీనట్ బటర్ కలిపి గోళీకాయంత ఉండ చేసి, తొక్కుడు రేకు వెనక వేయండి. ఎర ముక్క రేకు కిందికి జారితే రేకు దిగదు, తలుపు పడదు. ఎర పోయినా తలుపు తెరిచే ఉందంటే ముందు అక్కడే చూడాలి. ఖాళీ బోనులు మూసుకుంటుంటే రేకు మరీ సున్నితంగా ఉన్నట్టు. గుప్పెడు పాలిస్టర్ దూది తప్పనిసరి. పత్తి దూది తడిసి ముద్దయి ఇంకా చల్లబరుస్తుంది.

పొద్దుగూకే ముందు తెరిచి, తెల్లవారగానే చూసి, పగలంతా మూసేయండి. చుంచెలుకలకు (మామూలు చిట్టెలుకలు కావు, పురుగులు తినే పొడుగు మూతి ష్రూలు) ఈ వేళలు చాలవు. కొన్ని గంటలు తిండి లేకుంటే చచ్చిపోతాయి. బోనులో మీల్‌వార్మ్ పురుగులు వేసి, రాత్రి రెండు మూడు గంటలకోసారి చూడాలి. అంతమంది మనుషులు లేకుంటే అవి పడే చోట బోను పెట్టకపోవడమే మేలు.

పడినదాన్ని బోను మూతికి తొడిగిన సంచిలోకి దింపి, సంచితోనే తూచి, తర్వాత సంచి బరువు తీసేయండి. మెడ వెనక వదులు చర్మం పట్టుకోవాలి. తోక కొన పట్టి ఎత్తితే చర్మం ఊడొచ్చే జాతులున్నాయి. తోక, వెనక పాదం, చెవి కొలిచి, పట్టిన చోటే వదలాలి. చలికి బిగుసుకున్నదాన్ని వెచ్చబరిచి, చురుకొచ్చాకే వదలండి.

వాడిన బోనును పొడిగా దులపకండి: ఎండిన పెంటికల ధూళితో హాంటా వైరస్ సోకవచ్చు. చేతి తొడుగులు, మాస్కు వేసుకుని, ఒక పాలు బ్లీచు, 9 పాళ్ల నీళ్లతో తడిపి కడగాలి.

ఒక బోను ఒక రాత్రి ఉంటే ఒక బోను-రాత్రి; 80 బోనులు 3 రాత్రులుంటే 240 బోను-రాత్రులు. మూసుకున్న ప్రతి బోనుకూ, జంతువు పడినా పడకున్నా, అర బోను-రాత్రి తీసేయండి. 30 మూసుకుంటే మిగిలేవి 225. పట్టుబడి శాతం వీటిమీదే కట్టాలి.