పాత చెక్క కెనూ ఎవరు చేశారో తెలియాలంటే ముందు కొనల్లో చూడండి

అమెరికాలో ఉన్నవాళ్ళకు పాత చెక్క కెనూ (తెడ్డుతో నడిపే సన్నని పడవ) దొరికితే, రంగు గీకేముందు ఈ ఒక్క పని చేయండి. పడవ లోపల రెండు కొనల్లోనూ అడుగు నుంచి వంపు తిరిగి పైకి లేచే కొయ్య ఉంటుంది. దాని మీద టార్చి వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. మెయిన్ రాష్ట్రంలో కెనూలు చేసే ఓల్డ్ టౌన్ కంపెనీ అక్కడే అంకెలు గుద్దేది. వరుస సంఖ్య తర్వాత విడిగా 16 అనో 17 అనో ఉంటే అది అడుగుల్లో పొడవు.

అంకెలు వార్నిష్‌లో పూడుకుపోయాయా? పలచని కాగితం పరచి పెన్సిలుతో మెల్లగా రుద్దండి, తేలతాయి. గరుకు కాగితం మాత్రం దయచేసి తాకించవద్దు. ఆ అంకెలు అరిగిపోతే పడవ పుట్టుక చెప్పే ఆధారమే పోతుంది. ఎందుకంటే ఓల్డ్ టౌన్ వాళ్ళు ఒక్కో పడవకు ఒక్కో కార్డు రాసి ఉంచారు: మోడల్, రంగు, ఎప్పుడు, ఏ ఊరికి పంపారు అన్నీ అందులో ఉంటాయి. చాలా కార్డులు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వుడెన్ కెనూ హెరిటేజ్ అసోసియేషన్ అనే పాత కెనూల సంఘం వాళ్ళకు నంబరు పంపితే వెతికి పెడతారు.

పైఅంచు కర్రకు చిన్న ఇత్తడి రేకు మీద నంబరు ఉంటే మోరిస్ అనే మరో కంపెనీ చేసిన పడవ కావచ్చు. ఏ నంబరూ లేకపోతే కొనల మీది డెక్కు పలకలనూ, పక్కటెముకల (పడవ లోపల అడ్డంగా వంపు తిరిగి ఉండే బద్దల) వెడల్పునూ కొలిచి, ఫొటోలు తీసి ఆ సంఘం వాళ్ళనే అడగండి.