తుపాను రోజులు రాకముందే మీ వీఎంలకి రెండో చోటు చూసుకోండి

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మేము చూసుకునే ఒక రొయ్యల ప్లాంటు సర్వర్లకి ఆ గాలి తగల్లేదు. అవి క్లౌడ్ కంపెనీ హైదరాబాద్ రీజియన్‌లో, అంటే ఆ ఊళ్లోని డేటా సెంటర్ల గుంపులో ఉన్నాయి. కానీ అదే రాత్రి, తుపానుతో ఏ సంబంధం లేకుండా, వాళ్ల లెక్కల వీఎం (వర్చువల్ మెషిన్, అంటే క్లౌడ్‌లో సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్) డిస్క్ పాడైంది. దాని కాపీ ముంబైలో సిద్ధంగానే ఉంది, పైకి లేపడమే తరువాయి. లేపాలంటే లాగిన్ అవ్వాలి. లాగిన్‌కి ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వచ్చేది ఓనరుగారి ఫోనుకి. ఆయన ఊళ్లో కరెంటు లేదు, టవరు లేదు. మర్నాడు మధ్యాహ్నం వాళ్ల తమ్ముడు ఆ ఫోను జేబులో పెట్టుకుని, పడిపోయిన చెట్లు తప్పించుకుంటూ బైకు మీద తాడేపల్లిగూడెం దాకా వచ్చి, అక్కడ సిగ్నల్ దొరికాక గానీ పని మొదలవలేదు.

నెలనెలా డబ్బు కట్టి నిలబెట్టుకున్న ఏర్పాటు ఒక సిమ్ కార్డు దగ్గర ఆగిపోయింది. మన డెల్టాలో ఇంకెవరికీ ఆ పరిస్థితి రాకూడదనే ఇది రాస్తున్నాను.

గోదావరికి జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద భయం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. సార్వా కోతలు, ధాన్యం కొనుగోళ్లు, మిల్లుల హడావుడి ఆ రెండో భాగంలోనే పడతాయి. కాబట్టి ఈ పనికి మంచి అదను దాళ్వా లెక్కలు తేలిన మే, జూన్ నెలలే. వాయుగుండం ఏర్పడిందని టీవీలో చెప్పాక మొదలుపెట్టే పని కాదిది.

క్లౌడ్‌లో ఉంటే చాలదా?

మిల్లు ఓనర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలదండి. క్లౌడ్ అన్నది కూడా ఎక్కడో ఒక ఊళ్లో ఉన్న భవనమే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ డేటా సెంటర్ కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ఆవరణలో ఉంచుకున్నవాళ్లలో కొందరికి అసలూ పోయింది, కాపీ పోయింది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజియన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల దగ్గర మంటలు లేచి 600కి పైగా ప్రభుత్వ సర్వీసులు ఆగిపోయాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి, ఎందుకంటే దానికి బయట కాపీ లేదు.

ఒకే రీజియన్‌లో రెండు జోన్లు (విడివిడి డేటా సెంటర్లు) వాడుతున్నామని కొందరు ధీమాగా ఉంటారు. జోన్ల వల్ల ఒక భవనానికి వచ్చే ఆపద నుంచి బయటపడతాం. మొత్తం రీజియన్‌కే ఇబ్బంది వస్తే వేరే ఊళ్లో కాపీ ఉండాల్సిందే. మన దేశంలోనే ఆ వీలుంది. ఏడబ్ల్యూఎస్‌కి (అమెజాన్ క్లౌడ్) ముంబై, 2022 నవంబరు నుంచి హైదరాబాద్. అజూర్‌కి (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) పుణె, చెన్నై. గూగుల్‌కి ముంబై, ఢిల్లీ.

ఊళ్లు ఎంచుకునేటప్పుడు మిచౌంగ్‌ని గుర్తుపెట్టుకోండి. 2023 డిసెంబరు మొదటి వారంలో అది ముందు చెన్నైని ముంచి, తర్వాత తీరం వెంబడే పైకి వచ్చి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అసలు సర్వరు మీ ఆఫీసులో, కాపీ చెన్నైలో ఉంటే రెండింటినీ ఒకే తుపాను దారిలో పెట్టినట్టు. పెద్ద డేటా సెంటర్లని వాటికి తట్టుకునేలానే కడతారు, కాదనను. అయినా ఎంచుకునే వీలున్నప్పుడు నేను హైదరాబాద్, ముంబై, పుణెల వైపే చూస్తాను.

ముందు తేల్చుకోవాల్సిన రెండు లెక్కలు

ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలరు? దాన్ని ఆర్పీవో అంటారు. ఎంతసేపు సిస్టం ఆగినా నడుస్తుంది? అది ఆర్టీవో. ఈ రెండూ సాఫ్ట్‌వేర్ వాళ్లు చెప్పేవి కావు, మీ గుమస్తా చెప్పాలి. రైస్ మిల్లులో వేబ్రిడ్జి దగ్గర బరువుల డేటా పది నిమిషాలది పోతే కాటా చీటీలు చూసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. అరపూట డేటా పోతే ఏ రైతు ఎన్ని బస్తాలు తెచ్చాడన్న దగ్గర గొడవ మొదలవుతుంది. జీతాల వీఎం రెండు రోజులు ఆగినా కొంప మునగదు. కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ అలారాలు చూసే వీఎం గంట ఆగినా సరుకు మీదకి వస్తుంది. అన్నిటికీ ఒకే లెక్క పెడితే ఖర్చు పెరుగుతుంది, అసలు ముఖ్యమైనది గుంపులో పడిపోతుంది.

రెప్లికేషన్ పెట్టేటప్పుడు

రెప్లికేషన్ అంటే డిస్కులో జరిగే మార్పులని రెండో చోటికి పంపుతూ ఉండటం. అజూర్ సైట్ రికవరీ వీఎం డిస్కుల్లో జరిగే మార్పులని రెండో రీజియన్‌కి పంపుతూ ప్రతి 5 నిమిషాలకి ఒక రికవరీ పాయింట్ (వెనక్కి వెళ్లగలిగే కాపీ) ఉంచుతుంది. ఏడబ్ల్యూఎస్ ఎలాస్టిక్ డిజాస్టర్ రికవరీలో ఏజెంటు (వీఎంలో పెట్టే చిన్న సాఫ్ట్‌వేర్) ఆ మార్పులని ఎప్పటికప్పుడు అవతల కాపీని అందుకునే చిన్న స్టేజింగ్ సర్వర్లకి చేరవేస్తుంది. మామూలు రోజుల్లో ఈ రెండింటిలోనూ అవతల పూర్తి సైజు వీఎం నడవదు. డిస్కులకీ ఆ సర్వీసుకీ ఖర్చవుతుంది, ఏడబ్ల్యూఎస్‌లో అయితే ఆ చిన్న సర్వర్లకి కూడా. "రెండు చోట్లా ఉంటే బిల్లు రెట్టింపు కదా" అని వెనకాడేవాళ్లకి ఈ మాట చెప్పండి.

అజూర్‌లో రికవరీ వాల్ట్‌ని (ఈ రెప్లికేషన్ ఏర్పాట్లు ఉంచే చోటుని) అసలు వీఎం ఉన్న రీజియన్‌లో పెట్టకండి. ఫైర్‌వాల్‌లో బయటికి 443 పోర్టు తెరిచి ఉండాలి. ఏడబ్ల్యూఎస్‌కైతే డేటా వెళ్లడానికి 1500 కూడా కావాలి. డేటాబేస్ ఉన్న వీఎంకి అప్లికేషన్ కన్సిస్టెంట్ స్నాప్‌షాట్ (డేటాబేస్ చేతిలో ఉన్న పనిని డిస్కులోకి రాశాక తీసే కాపీ) ఆన్‌లో ఉందో లేదో పాలసీలో చూడండి. అది లేకపోతే మీకు దొరికే కాపీ హఠాత్తుగా కరెంటు పోయిన మెషిన్‌లా ఉంటుంది. చాలాసార్లు లేస్తుంది. లేవని రోజున టెన్షన్ మామూలుగా ఉండదు.

అజూర్ విండోస్ వీఎంలో టెంపరరీ డిస్క్ సాధారణంగా డీ డ్రైవ్‌గా కనిపిస్తుంది. అది రెప్లికేట్ కాదు. అందులో తెలియక రిపోర్టులు దాచుకునే వాళ్లుంటారు. ఓసారి వెళ్లి ఆ డ్రైవ్ తెరిచి మీరే చూడండి.

సర్వరు ఇంకా మీ ఆఫీసులోనే ఉంటే మొదటి కాపీ వెళ్లడానికి పట్టే టైము లెక్కేసుకోండి. 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైన్లో 1 టెరాబైటు వెళ్లాలంటే, లైను ఒక్కసారి కూడా తెగకుండా ఉన్నా, నాలుగున్నర రోజులు దాటుతుంది. తుపాను హెచ్చరిక వచ్చాక మన చేతిలో అన్ని రోజులుండవు.

అవతల రీజియన్‌లో మీ ఖాతాకి ఎన్ని సీపీయూల కోటా ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి. తక్కువ ఉంటే పెంచమని ఇప్పుడే అడగండి. ఆఫీసు నుంచి వీపీఎన్ రెండు రీజియన్లకీ ఉండాలి. డీఎన్ఎస్‌లో (సర్వరు పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే పట్టికలో) టీటీఎల్, అంటే ఆ అడ్రస్‌ని గుర్తుపెట్టుకునే టైము, 3600 సెకన్లు ఉంటే సీజన్‌కి ముందే 300కి దించండి. మారే రోజున దించితే పాత విలువ గంటసేపు అలాగే పట్టుకుని కూర్చుంటుంది.

ఇక బ్యాకప్ సంగతి. రెప్లికేషన్ ఉంది కదా అని బ్యాకప్ ఆపేసినవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. రాన్సమ్‌వేర్ మీ ఫైళ్లకి తాళం వేస్తే ఆ తాళం వేసిన ఫైళ్లే నిమిషాల్లో అవతలికీ వెళతాయి. పాత రికవరీ పాయింట్లు కొన్నాళ్లే ఉంటాయి. ఎవరూ చెరపడానికి వీల్లేని బ్యాకప్ ఒకటి విడిగా ఉండి తీరాలి.

డ్రిల్ చేయకపోతే

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది దీని గురించే. పోర్టల్‌లో ఆకుపచ్చ టిక్కు కనిపిస్తుంది, "హెల్తీ" అని ఉంటుంది. దానర్థం డిస్కులు చేరుతున్నాయని మాత్రమే. మీ గుమస్తా కూర్చుని బిల్లు కొట్టగలడో లేదో ఆ టిక్కు చెప్పదు.

మా మొదటి డ్రిల్‌లో వీఎంలన్నీ చక్కగా లేచాయి. మిల్లు సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. అందరం నెట్‌వర్క్ మీద పడ్డాం. రెండు గంటలు పోయాక ఒక కుర్రాడు పాత కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి చూస్తే, అందులో డేటాబేస్ పేరుకి బదులు పాత ఐపీ అడ్రస్ అంకెల్లోనే రాసి ఉంది. ఎప్పుడో ఎవరో తొందరలో రాసిన ఒక్క లైను. ఫైలు మార్చడానికి అర నిమిషం పట్టింది.

రెండో డ్రిల్‌లో ఇంకో తప్పు చేశాం. టెస్ట్ ఫెయిలోవర్‌ని (ఫెయిలోవర్ అంటే కాపీ మీదకి మారడం) విడి నెట్‌వర్క్‌లో కాకుండా మామూలు నెట్‌వర్క్‌లోనే లేపాం. లేచిన వీఎం తన షెడ్యూల్ ప్రకారం తన పని చేసుకుపోయింది: ధాన్యం అమ్మిన రైతులందరికీ "మీ ఖాతాలో సొమ్ము జమ అయింది" అని రెండోసారి మెసేజ్ వెళ్లింది. తెల్లారేసరికి ఫోన్లు. "ఏవండీ, మళ్లీ పడ్డాయా డబ్బులు?" అని ఒక పెద్దాయన అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. బ్యాంకుకి బయల్దేరిపోయిన వాళ్లు కూడా ఉన్నారు. అందుకే టెస్ట్‌కి బయటి ప్రపంచంతో సంబంధం లేని నెట్‌వర్క్ వేరుగా కట్టండి. మెసేజ్‌లు, ఈ-ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు ఫైళ్లు పంపే షెడ్యూళ్లు ఏమేం ఉన్నాయో ముందే రాసుకోండి.

డ్రిల్‌లో లేపే వరస కూడా తేలుతుంది. డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లు చూసే సర్వరు) ముందు, తర్వాత డేటాబేస్, ఆ తర్వాత అప్లికేషన్, చివర వెబ్. ఈ వరసని రికవరీ ప్లాన్‌లో పెట్టేస్తే రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఆలోచించక్కర్లేదు. గడియారం దగ్గర పెట్టుకుని ఎంతసేపు పట్టిందో రాయండి. మీరనుకున్న ఆర్టీవో గంట, పట్టింది నాలుగు గంటలు అయితే ఆ నాలుగు గంటలే నిజం. డ్రిల్ అయ్యాక టెస్ట్ వీఎంలని తీసేయడం మర్చిపోకండి, అవి నడుస్తున్నంతసేపూ బిల్లు నడుస్తుంది. అసలు రెప్లికేషన్ మాత్రం డ్రిల్ వల్ల ఆగదు కాబట్టి పగటిపూట కూడా ధైర్యంగా చేయొచ్చు.

ధవళేశ్వరం హెచ్చరికల్లాగే మనకీ మూడు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏ హెచ్చరికకి గొడ్లని గట్టు మీదకి తోలాలో, ఏ హెచ్చరికకి పడవ ఎక్కాలో లంకల్లో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ క్షణంలో చర్చ పెట్టుకోరు. మా ప్లాను కూడా ఇప్పుడు అలాగే రాసుకున్నాం.

వాయుగుండం వార్త రాగానే, లేదా బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక పడగానే, కొత్త మార్పులేవీ చేయం. రెప్లికేషన్ ఎంత వెనకబడి ఉందో పూటకోసారి చూస్తాం. ఇన్వర్టర్లు, పవర్ బ్యాంకులు ఛార్జింగ్‌లో పెడతాం.

తుపాను మన తీరానికే అని తేలితే, లేదా రెండో హెచ్చరిక పడితే, బాధ్యత డెల్టా బయటున్న మనిషికి వెళ్లిపోతుంది. మాకు హైదరాబాద్‌లో ఒకరున్నారు. ఆయనకి సొంత లాగిన్ ఉంది, దాని ఓటీపీ ఆయన ఫోనులోని ఆథెంటికేటర్ యాప్‌లోనే వస్తుంది, మన టవర్లతో పనిలేదు. ఆఫీసులోనే సర్వరు ఉన్నవాళ్లకి ఇదే సరైన సమయం: సర్వర్లని పద్ధతిగా ఆపి, చివరి మార్పులు కూడా చేరాయని చూసుకుని, కరెంటు పోకముందే క్లౌడ్ వైపు మారిపోండి. నీళ్లు గుమ్మం దాకా వచ్చాక హడావుడిగా ఆపిన సర్వరుకీ, ముందురోజు సాయంత్రం నెమ్మదిగా ఆపిన సర్వరుకీ చాలా తేడా ఉంటుంది.

అసలు వీఎంలు హైదరాబాద్‌లోనే క్షేమంగా ఉంటే డెల్టాలో తుపాను వచ్చిందని వాటిని మార్చక్కర్లేదు. మార్చడం కూడా ఒక రిస్కే. మారాల్సింది నిర్ణయం తీసుకునే మనిషి. ఇక మూడో దశలో ఇక్కడున్న మేమెవరం కీబోర్డు ముట్టుకోం. ఇల్లూ పిల్లలూ చూసుకుంటాం. ఫోను కలవకపోయినా ఆయన ఎవరినీ అడక్కుండా ఫెయిలోవర్ చేయొచ్చని ఓనరుగారు ముందే కాగితం మీద సంతకం పెట్టారు.

ఆ కాగితం నిజంగానే కాగితం. ఫోన్ నంబర్లు, లేపే వరస, ఎవరికి ఏ అధికారం ఉందో ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఒకటి మిల్లులో, ఒకటి ఓనరుగారి బీరువాలో, ఒకటి హైదరాబాద్‌లో ఉంచాం. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయకండి.

మారిపోయాక

ముంబైకి మారిన నిమిషం నుంచి మీకున్నది మళ్లీ ఒకే చోటు. అంతా నడుస్తోందని ఊపిరి పీల్చుకుని ఇక్కడ ఆగిపోతారు చాలామంది. అటు నుంచి ఇటు రీప్రొటెక్ట్ (తిరుగుదారిలో రెప్లికేషన్) పెట్టేదాకా పని అవ్వలేదు. అది పెట్టాక తిరిగి రావడానికి తొందరేం లేదు. సీజన్ మధ్యలో తిరిగి మారొద్దు. మేమైతే సంక్రాంతి దాటాక ఒక ఆదివారం పెట్టుకుంటాం. ధాన్యం లారీలు అప్పటికి తగ్గుతాయి, గుమస్తా కూడా ఆ పూట పక్కన కూర్చుని ఒక కాటా చీటీ కొట్టి చూపిస్తాడు.