చూపు, వినికిడి రెండూ లేని పిల్లాడికి కొత్త టీచరుగా వెళ్తున్నారా?

మొదటి వారం బొమ్మలూ, పుస్తకాలూ సంచిలోనే ఉంచండి. వచ్చింది ఎవరో ముందు పిల్లాడికి తెలియాలి. ఇళ్లకు వెళ్లి నేర్పే పని నాది. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కడానికి నాకు ఏడాది పట్టింది.

మీకంటూ ఒక గుర్తు పెట్టుకోండి. నాది కుడిచేతి రాగి కడియం. వెళ్లగానే వాడి పక్కన కూర్చుని, భుజం మీద మెల్లగా చెయ్యి ఆనించి ఆగుతాను. తర్వాత నా చేతిని వాడి చేతి కిందికి జరుపుతాను. తడుముకుంటూ కడియం దాకా వాడే వస్తాడు. మణికట్టు పట్టుకుని లాగి తాకించకండి. అలా లాగితే చేతులు ముడుచుకుంటాడు, ఆ రోజుకిక పని జరగదు.

ఒక ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుని వెళ్లాను. కడియం అదే, వాసన మాత్రం వేరు. వాడు నా అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, తోసేసి, గోడవైపు తిరిగాడు. "ఈ పూటకి వదిలెయ్యండి టీచరమ్మా" అంది వాళ్ల నాయనమ్మ. పాఠం వదిలేశాను గానీ లేచి రాలేదు, గంటసేపు పక్కనే కూర్చున్నాను. అప్పటినుంచి సబ్బు కూడా మార్చలేదు.

ఇక ఆట. ఒళ్లో కూర్చోబెట్టుకుని మూడుసార్లు ఊపి, ఆపెయ్యండి. మనసులో ఇరవై లెక్కపెట్టండి. చాలామంది ఐదుకే మళ్లీ ఊపేస్తారు, నేనూ ఊపేదాన్ని. మావాడు ఒకరోజు నా మోకాలి మీద తట్టాడు. "ఇంకా" అనడానికి వాడి మాట అది. అలాంటిది కనిపించిన క్షణమే ఊపాలి.

తర్వాత ఏం జరగబోతోందో తెలిసేలా అన్నానికి ముందు చెంచా, స్నానానికి ముందు చెంబు చేతికివ్వండి. ఇంట్లో అందరూ అవే ఇవ్వాలి. వాళ్లమ్మ చెంబు ఇస్తుంటే నాన్న తువ్వాలు ఇచ్చేవాడు, దాంతో నెల రోజులు వృథా అయింది. కొంచెం చూపు మిగిలిన పిల్లలూ చాలామందే ఉంటారు కాబట్టి వెలుతురు మీ చేతుల మీద పడేలా కూర్చోండి.

"హెలెన్ కెల్లర్‌కి నెలలో భాష వచ్చిందట కదా?" అని అడుగుతారు. చూపు, వినికిడి లేకుండానే చదువుకుని రచయిత్రి అయిన అమెరికా ఆవిడ ఆమె. నిజమే, ఆమె టీచరు యాన్ సలివన్ 1887 మార్చి 3న వాళ్లింటికి వచ్చింది, పంపు నీళ్లు ఒక చేతి మీద పడుతుంటే, టీచరు రెండో చేతిలో వేళ్లతో చెప్పిన మాట ఆ నీళ్ల పేరేనని హెలెన్‌కి ఏప్రిల్ 5న అర్థమైంది. కానీ హెలెన్ 19 నెలల వయసు దాకా చూసింది, విన్నది. పుట్టుకతోనే రెండూ లేని పిల్లాడికి ఆ పెట్టుబడి ఏది? ఆ లెక్కతో టెన్షన్ పడకండి.

వెళ్లేటప్పుడు మళ్లీ కడియం తాకనిచ్చి, చెయ్యి నెమ్మదిగా తీసుకోండి. ఒకసారి ఫోనొచ్చిందని చెప్పకుండా వరండాలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నేను కూర్చున్న చోట చాప మీద తట్టి, ఆగి, మళ్లీ తడుతున్నాడు.