పుట్టగొడుగు ఫొటోకు ఫ్లాష్ వద్దు, తెల్ల కాగితం చాలు

అడవిలో పుట్టగొడుగు కనిపించగానే చాలామంది నిలబడి పైనుంచే ఫొటో తీస్తారు. అందులో టోపీ ఒక్కటే పడుతుంది. అసలు అందం అడుగున, ఆ సన్నని రేకుల్లో ఉంటుంది. అందుకే కెమెరాను నేలకు దించండి. చిన్న ఇసుక సంచి మీద ఆనిస్తే కదలదు.

వెలుతురుకు మబ్బు పట్టిన రోజే మేలు. ఎండ ఆకుల సందుల్లోంచి మచ్చలు మచ్చలుగా పడుతుంటే గొడుగు తెరిచి నీడ పట్టండి. అయినా టోపీ కింద చీకటిగానే ఉంటుంది. అప్పుడు ఒక తెల్ల కాగితాన్ని పుట్టగొడుగు ముందు, నేలకు దగ్గరగా, ఫ్రేములోకి రాకుండా ఏటవాలుగా పట్టుకోండి. కాగితాన్ని కొద్దికొద్దిగా వంచుతూ చూస్తే ఒక కోణంలో రేకులన్నీ విడివిడిగా తేలతాయి. ఆ క్షణం నాకు ఎన్నిసార్లు చూసినా కొత్తే! మెరిసే అల్యూమినియం ఫాయిల్ కూడా పనిచేస్తుంది గాని, దాని వెలుగు కటువుగా ఉంటుంది.

ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెడితే దట్టమైన నీడలో షట్టర్ అర సెకను, ఒక్కోసారి 2 సెకన్లు కూడా తెరిచి ఉండాలి. టైమర్ పెట్టి చేయి తీసేయండి. గాలి తగ్గేవరకు ఆగండి, పక్కనున్న గడ్డిపోచ ఊగినా ఫొటో చెడుతుంది.

ఆకుల పచ్చదనం తెల్లని టోపీకి అంటుకుంటుంది. అదే కాగితాన్ని పుట్టగొడుగు పక్కన పెట్టి ఒక ఫొటో తీసుకుంటే తర్వాత రంగు సరిచేయడం తేలిక.

అడ్డుగా ఉన్న ఎండుటాకును తీయవచ్చు. నాచును మాత్రం పెకలించకండి.