డెక్‌కు నూనె పట్టిస్తున్నారా? ముందు గుడ్డల సంగతి చూడండి

వానలు మొదలయ్యేలోపు ఇంటి బయట పలకలతో అరుగులా వేసిన చెక్క డెక్‌కు నూనె పట్టించేయాలని చాలామంది ఈపాటికే డబ్బాలు తెచ్చి పెట్టుకుని ఉంటారు. మొన్నామధ్య తెలిసినవాళ్ల ఇంట్లో ఈ పనే జరిగింది. నూనె తుడిచిన గుడ్డలన్నీ ఒక ప్లాస్టిక్ బకెట్‌లో కుక్కి, డెక్ మీదే ఓ మూలన పెట్టి పడుకున్నారు. తెల్లవారుజామున కాలిన వాసనకు లేచి చూస్తే బకెట్ కరిగి పలకలకు అంటుకుపోయి ఉంది, దాని కింద రెండు పలకలు బొగ్గయ్యాయి. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు, దగ్గర్లో కరెంటు వైరూ లేదు. గుడ్డలు వాటంతట అవే అంటుకున్నాయి.

అవిసె నూనె, టంగ్ అనే చెట్టు గింజల నూనె లాంటివి ఆవిరైపోయి ఆరేవి కావు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి, అప్పుడు వేడి పుడుతుంది. డెక్ మీద పలచగా ఉన్న నూనెలో పుట్టే వేడి గాలిలో కలిసిపోతుంది. అదే నూనె ఉండచుట్టిన గుడ్డలో ఉంటే ఆ వేడికి దారి లేదు. వేడెక్కేకొద్దీ ఆ చర్య ఇంకా జోరందుకుంటుంది. అలా కొన్ని గంటల్లో గుడ్డ అంటుకునేదాకా వస్తుంది. అందుకే పని చేస్తున్నంతసేపూ ఏమీ కనబడదు, అందరూ వెళ్లిపోయాకే మొదలవుతుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనంలో నిప్పు రేగింది ఇలాగే. 22వ అంతస్తులో చెక్క పని చేసినవాళ్లు వదిలేసిన అవిసె నూనె గుడ్డలే కారణం. ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు.

డబ్బా మీద ‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ (ఇదీ అవిసె నూనే) అని ఉంటే ఇంకా జాగ్రత్త. త్వరగా ఆరడానికి అందులో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు. త్వరగా ఆరే నూనె త్వరగా వేడెక్కుతుంది కూడా.

వాడిన ప్రతి గుడ్డనూ విప్పి, బయట నీడలో, సిమెంటు నేల మీదో రాతి మీదో విడివిడిగా పరవండి. ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఎగిరిపోకుండా అంచున రాయి పెట్టండి. అట్టలా బిరుసెక్కేదాకా తీయొద్దు. అంత చోటు లేకపోతే, మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బాలో నీళ్లు పోసి, గుడ్డలు పూర్తిగా మునిగేలా వేసి మూత పెట్టండి. గుడ్డలంటే గుడ్డలొక్కటే కాదు: టిష్యూలు, రోలర్ స్లీవ్ (తొడుగు), స్పాంజి ప్యాడ్ అన్నీ. పాత నూనె ఉన్న డెక్‌ను నునుపు చేసే యంత్రమైన సాండర్‌తో రుద్దితే దాని సంచిలో చేరే పొడి కూడా అంటుకోగలదు. చాలామంది మరిచిపోయేది ఈ సంచినే.

ఏ నూనె కొనాలి?

రంగు లేని నూనె కొత్తలో అందంగా ఉంటుంది, కానీ ఎండ నుంచి పెద్దగా కాపాడదు. కొద్ది నెలల్లోనే చెక్క బూడిద రంగుకు తిరుగుతుంది. కొద్దిగా రంగు కలిసినదే తీసుకోండి, ఎండను ఆపేది ఆ రంగే. ఏమీ కలపని పచ్చి అవిసె నూనె బయటి చెక్కకు వద్దు: ఆరడానికి రోజులు పడుతుంది, పైగా బూజుకు అదే మేత, నల్ల మచ్చలు వస్తాయి. వంటనూనెలు చాలావరకు సరిగ్గా ఆరవు, జిగటగా మిగిలిపోతాయి. వార్నిష్ అయితే నడిచే చోట పెచ్చులూడుతుంది, మళ్లీ వేయాలంటే మొత్తం గీకాలి. నూనెతో ఆ బాధ లేదు, నా ఓటు నూనెకే.

పట్టించే ముందు

చెక్క మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. ఇంకిపోతే నూనె తాగడానికి చెక్క సిద్ధం. ముత్యాల్లా నిలబడితే పాత పూత ఇంకా పనిచేస్తోందని అర్థం, ఇప్పుడు వేసినా పైనే ఉండిపోతుంది. వాన పడితే రెండు మూడు రోజులు ఆరనివ్వండి. సాండ్‌పేపర్ 60 లేదా 80 నంబరు చాలు. ఇంకా నునుపు చేస్తే రంధ్రాలు మూసుకుపోయి నూనె లోపలికి దిగదు.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

నడి ఎండలో వేయొద్దు. పలక వేడిగా ఉంటే నూనె లోపలికి దిగేలోపే పైన ఆరిపోతుంది.

డబ్బాను అడుగు నుంచి కలపండి, మధ్యమధ్యలో మళ్లీ కలపండి. రంగు అడుగున పేరుకుంటుంది.

పలచగా వేయండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఇంకకుండా మిగిలిందంతా తుడిచేయండి. మిగిల్చారా, వారం తర్వాత కూడా చెప్పులు అంటుకుంటాయి.

తుడిచిన గుడ్డ ఉండచుట్టి జేబులో పెట్టుకోవద్దు. చెత్తబుట్టలో వేయొద్దు. కారు డిక్కీలో పడేయొద్దు.

పలకల కోసిన చివర్లకు రెండుసార్లు పట్టించండి, నీళ్లు ఎక్కువగా తాగేది అక్కడే.

రుద్దడానికి స్టీల్ ఉన్ని (సన్నని ఇనుప తీగల ముద్ద) వాడొద్దు. తునకలు చెక్కలో ఇరుక్కుని తుప్పు పట్టి నల్ల చుక్కలవుతాయి.

సిగరెట్ వద్దు. నూనె ఆరేదాకా పిల్లలూ కుక్కలూ అటు రాకూడదు.

మధ్యలో భోజనానికి లేస్తున్నారా? ముందు గుడ్డలు పరచి వెళ్లండి. పనివాళ్లను పెట్టుకుంటే, వాళ్లు వెళ్లేముందు గుడ్డలెక్కడ పెట్టారో అడగండి. చెప్పింది నమ్మొద్దు, వెళ్లి చూడండి.

నూనె గుడ్డల్ని వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు, డ్రయర్‌లో అసలే వద్దు.

పూలకుండీల కింద చిన్న దిమ్మలు పెట్టి ఎత్తండి. పలకల సందుల్లో చేరిన ఆకులు తీసేయండి.

చాలా పాత డెక్ అయితే, పుచ్చిపోకుండా మందు పట్టించిన చెక్కలో ఆర్సెనిక్ ఉండొచ్చు. అది తేలేదాకా రుద్దొద్దు. ఆ ముక్కల్ని పొయ్యిలోనూ పెట్టొద్దు.