క్యాండిడ్ పోర్ట్రెయిట్ – 4వ పాఠం: పోజుకీ పోజుకీ మధ్య

క్యాండిడ్ అంటే పోజు పెట్టకుండా, సహజంగా ఉన్నప్పుడు తీసిన ఫొటో. గత పాఠంలో కిటికీ పక్కన కదలకుండా కూర్చున్న మనిషిని తీశాం. ఈసారి మన ముందున్న మనిషి నడుస్తుంది, మాట్లాడుతుంది, జుట్టు సర్దుకుంటుంది. మోడలింగ్‌లోకి కొత్తగా అడుగుపెడుతున్న అమ్మాయిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. అబ్బాయిలకూ ఇదే పద్ధతి.

కొత్తవాళ్లతో వచ్చే చిక్కు దాదాపు అందరి దగ్గరా ఒకేలా ఉంటుంది. కెమెరా ఎత్తగానే బిగుసుకుపోతారు. భుజాలు చెవుల దాకా లేస్తాయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు, ఇన్‌స్టాలో ఎప్పుడో చూసిన పోజొకటి తెచ్చి పెట్టేస్తారు. దాన్ని వదిలించడానికి చాటుగా తీయాలనుకుంటే పొరపాటు. తనను తీస్తున్నారని ఆమెకు తెలుసు, ఒప్పుకునే వచ్చింది. ఒప్పుకున్న ఆ గంటలో ఆమె తనను తాను గమనించుకోవడం మరిచిపోయే క్షణాలు కొన్ని ఉంటాయి. మనకు కావలసినవి అవే.

ఆ క్షణాలు వాటంతట అవి రావు, రప్పించాలి. 1933లో మార్టిన్ ముంకాచీ అనే హంగేరీ ఫొటోగ్రాఫర్ ‘హార్పర్స్ బజార్’ పత్రిక కోసం లూసిల్ బ్రోకా అనే మోడల్‌ని న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్ బీచ్‌లో పరిగెత్తించి తీశాడు. ఈత దుస్తుల మీద వేసుకున్న కేప్ వెనక్కి ఎగురుతున్న ఫొటో అది. ఫ్యాషన్ ఫొటో అంటే చాలావరకు స్టూడియోలో కదలకుండా నిలబడడమే అయిన రోజుల్లో, ఆటల పోటీల ఫొటోలు తీసి వచ్చిన ఆయన మోడల్‌కి పోజు చెప్పలేదు, పని ఇచ్చాడు. ఈ పాఠమంతా ఆ పని గురించే.

ముందు కెమెరా సంగతి

అమ్మాయి నవ్వుతుంటే మీరు బటన్లు వెతుక్కుంటూ ఉండకూడదు. కాబట్టి సెట్టింగులన్నీ ముందే పెట్టేసుకోండి.

ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాకు 85 ఎం.ఎం., క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాకు 50 ఎం.ఎం. లెన్స్ చాలు. మీకూ ఆమెకూ మధ్య రెండున్నర, మూడు మీటర్లు ఉండాలి. గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగే దూరం అది. 35 ఎం.ఎం.తో మీదికి వెళితే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది. 200 ఎం.ఎం. పట్టుకుని దూరం జరిగితే మీ మాట ఆమెకు వినపడదు, మాట లేకపోతే ఈ పద్ధతి నడవదు.

అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కంత) ఎఫ్ 2.8. అంకె తగ్గేకొద్దీ కంత పెద్దదవుతుంది, స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. లెన్స్ కొన్న కొత్తలో అందరూ ఎఫ్ 1.8 దగ్గరే ఉండిపోతారు. ఆ 85 ఎం.ఎం. లెన్స్‌తో ఎఫ్ 1.8లో రెండు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 6 సెంటీమీటర్లే. ముఖం కాస్త పక్కకు తిరిగితే చాలు, దగ్గరి కన్ను పదునుగా ఉండి అవతలి కన్ను మసకబారుతుంది. ఎఫ్ 2.8లో మూడు మీటర్ల నుంచి తీస్తే అదే లోతు సుమారు 20 సెంటీమీటర్లు. తల కదిపినా రెండు కళ్లూ దక్కుతాయి.

షటర్ సెకనులో 1/500 వంతు. మామూలుగా నడిచే మనిషి సెకనుకు మీటరు పైనే ముందుకు పోతుంది. మనకు అడ్డంగా నడుస్తున్నప్పుడు 1/125 పెడితే షటర్ తెరిచి ఉన్న కాసేపట్లోనే దాదాపు ఒక సెంటీమీటరు జరిగిపోతుంది, కనురెప్పల వెంట్రుకలు అలికినట్టు వస్తాయి. 1/500లో ఆ జరుగుడు రెండు, రెండున్నర మిల్లీమీటర్లే. పరుగుకీ, జుట్టు విదిలింపుకీ 1/1000కి వెళ్లండి. మోడ్ మాన్యువల్‌లో పెట్టి ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకు స్పందించే స్థాయి) మాత్రం ఆటోకి వదిలేయండి, పై హద్దు 6400. కొంచెం గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) వచ్చినా ఫొటో బతుకుతుంది. షేక్ అయిన ఫొటోని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగుచేయలేదు.

ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కదిలే మనిషిని వదలకుండా వెంబడించేలా ఉండాలి, క్యానన్‌లో దీన్నే సర్వో అంటారు. కంటిని పట్టుకునే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఒక్క పాయింటే ఎంచుకుని మీకు దగ్గరగా ఉన్న కంటి మీద ఉంచండి. బరస్ట్ (బటన్ నొక్కి ఉంచితే వరసగా ఫొటోలు తీయడం) సెకనుకు 5 ఫ్రేములు దాటనివ్వకండి. 20 పెడితే గంటలో వేల ఫొటోలు పోగుపడతాయి, ఏరేటప్పుడు కళ్లు అలిసిపోయి మంచివే పోగొట్టుకుంటారు. సైలెంట్ షటర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షటర్) మొదట్లో బాగా పనికొస్తుంది, ఎందుకంటే కొత్త మోడల్ ప్రతి ‘క్లిక్’కీ పోజు మారుస్తుంది. కాకపోతే ఎల్ఈడీ, ట్యూబ్‌లైట్ల కింద సైలెంట్ షటర్‌తో ఫొటో మీద అడ్డగీతలు పడొచ్చు. అక్కడ మామూలు షటరే వాడండి.

పని ఇవ్వడం

“నవ్వండి” అనకండి. “నాచురల్‌గా ఉండండి” అని అసలే అనకండి. ఆ మాట విన్న మరుక్షణం నాచురల్‌గా ఎలా ఉండాలా అని ఆలోచనలో పడతారు, అది ముఖం మీద కనిపిస్తుంది. మొదటి 15 నిమిషాల ఫొటోలు పనికిరావని ముందే అనుకుని, అయినా తీస్తూనే ఉండండి. కెమెరా అక్కడ ఉండడం ఆమెకు అలవాటు కావాలి. ప్రతి ఫ్రేమ్‌కీ స్క్రీన్ చూపించొద్దు. చూస్తే తన పళ్లో, ముక్కో నచ్చక ఇక అక్కడినుంచి నవ్వు దాచుకోవడం మొదలుపెడుతుంది. ఒక్కో పని ముగిశాక చూపిస్తే చాలు.

చేతులకు పని దొరికితే ముఖం దానంతటదే వదులవుతుంది. వాచీ పెట్టుకోవడం, గాజులు తొడుక్కోవడం, చెప్పు బకిల్ బిగించుకోవడం, కుచ్చిళ్లు సర్దుకోవడం, చున్నీ భుజం మీదికి లాక్కోవడం. వీటిలో జుట్టు ముడి వేసుకోవడానికి సాటి వచ్చేది లేదు. ఆ కాసేపూ ఏం జరుగుతుందో చూడండి. క్లిప్పు పళ్ల మధ్య పట్టుకుంటుంది, రెండు చేతులూ వెనక్కి పోతాయి. మొదటి రెండు సెకన్లు మోచేతులు ముఖానికి అడ్డం వస్తాయి కాబట్టి తీయొద్దు. చేతులు తల వెనక కలిశాక మోచేతులు రెండు పక్కలకీ విచ్చుకుంటాయి, మెడ సాగుతుంది, చూపు నేల మీద ఎక్కడో ఆగుతుంది, ఎందుకంటే ధ్యాసంతా వేళ్ల దగ్గర ఉంది. అక్కడ మూడు ఫ్రేములు. క్లిప్పు పెట్టేశాక తల ఒకసారి విదిలించి “అయిందా?” అన్నట్టు మీవైపు చూస్తుంది. ఆ చూపుకి ఇంకో మూడు. చాలాసార్లు మొత్తం షూట్‌లో అన్నిటికంటే మంచి ఫొటో ఆ చివరి మూడింటిలోనే ఉంటుంది.

నడక పని ఇంకోలా ఇవ్వాలి. “ఆ గుమ్మం దగ్గర్నుంచి ఇక్కడిదాకా నడిచి వచ్చి, ఇవాళ ఆటోవాడు ఎంత అడిగాడో చెప్పండి” అనండి. నడక మీద నుంచి ధ్యాస ఆటో మీదికి పోతుంది. నాలుగైదు సార్లు నడిపించండి. మూడో సారికి చేతులు సహజంగా ఊగడం మొదలవుతుంది.

మాట్లాడుతున్నప్పుడు క్లిక్ ఎక్కడ కొట్టాలో తెలియక చాలామంది పాడుచేసుకుంటారు. ‘ఆ’, ‘ఓ’ పలికేటప్పుడు నోరు తెరుచుకునో గుండ్రంగానో ఉంటుంది, ఫొటోలో వింతగా కనిపిస్తుంది. ‘ప’, ‘బ’, ‘మ’ల దగ్గర పెదవులు కలుస్తాయి, అక్కడా వాక్యం మధ్య విరామం దగ్గరా తీయండి. ఇంకా మంచి చోటు ఒకటుంది. మీరు ప్రశ్న అడిగాక జవాబు మొదలుపెట్టే లోపు కళ్లలో ఒక వెలుగు వస్తుంది. ప్రశ్న అడుగుతూనే వేలు షటర్ మీద ఉంచుకోండి. పగలబడి నవ్వే నవ్వులో తీస్తే కళ్లు మూసుకుపోయి ఉంటాయి. ఆ నవ్వు తగ్గుతూ ఊపిరి తీసుకునే దగ్గర తీయాలి.

ఇవేవీ పనిచేయకపోతే ఆమెకు తోచిన పోజే పెట్టమనండి. రెండు ఫ్రేములు తీసి, “బాగుంది, అయిపోయింది” అని కెమెరాను కొంచెం దించండి. భుజాలు జారతాయి, ఊపిరి వదులుతుంది. వెంటనే మళ్లీ ఎత్తండి. ఈ ఎత్తుగడ రెండుసార్లకు మించి పారదు.

చోటు, వెలుగు, ఒంటి రంగు

మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు, కళ్ల కింద గుంటలు నల్లగా పడతాయి. వసారా అంచు, మేడ మీద నీళ్ల ట్యాంకు నీడ, రాతి కట్టడాల కమానుల కింద బాగుంటుంది. విశాఖ ఆర్‌కే బీచ్ లాంటి తూర్పు తీరంలో పొద్దున్నే సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు. మోడల్‌ని సముద్రం వైపు తిప్పితే కళ్లు చికిలిస్తుంది, కాబట్టి పక్కకు తిప్పి నడిపించండి. సాయంత్రం సూర్యుడు ఊళ్లోని మేడల వెనక్కి పోయాక ఇసుక మీద నీడ పరుచుకుంటుంది, ఆకాశం మొత్తం ఒక పెద్ద లైట్‌లా పనిచేస్తుంది. పరుగు తీయడానికి అదే సరైన వేళ. ఉప్పు తుంపర లెన్స్ మీద పడి ఫొటో పాలిపోయినట్టు వస్తుంది, పది నిమిషాలకోసారి తుడుచుకోండి.

వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గట్టు ఫొటో రంగుల్ని సరిచేసే సెట్టింగు) ఆటోలో వదలొద్దు, ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ ఒంటి రంగు మారిపోతుంది. ఎండలో 5500, నీడలో 6500 నుంచి 7000 కెల్విన్ దగ్గర కట్టేయండి. రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని అసలు డేటా) తీస్తే తర్వాత అన్నిటికీ ఒకేసారి సరిచేయొచ్చు. పచ్చిక దగ్గర గడ్డం కింద ఆకుపచ్చ, ఎర్రగోడ దగ్గర చెంప మీద ఎరుపు పడుతుంది. రెండడుగులు జరిపితే పోతుంది. వెనక నల్లటి గోడ ఉంటే కెమెరా మోసపోయి ముఖాన్ని తెల్లగా కాల్చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగు) −0.7కి తగ్గించండి. తెల్ల కుర్తా ఫ్రేమ్ నిండా ఉంటే +0.7 పెంచండి. నుదుటి మీద, ముక్కు మీద జిడ్డు మెరిస్తే టిష్యూతో అద్దమనండి, రుద్దితే ఎర్రబడుతుంది.

మన స్టూడియోల్లో రంగు తెల్లబరిచే అలవాటు బలంగా పాతుకుపోయింది. ఈ పనిలో దాన్ని పూర్తిగా మానుకోవాలి. మోడలింగ్ ఏజెన్సీలు అడిగే ‘డిజిటల్స్’ (మోడల్ అసలు ఎలా ఉంటుందో చూపే మామూలు ఫొటోలు) మేకప్ లేకుండా, సాదా బట్టల్లో, రీటచ్ చేయకుండా ఉండాలి. పక్కన పెట్టే క్యాండిడ్ ఫొటోలో ఒంటి రంగు వేరేగా ఉంటే రెండింటినీ నమ్మరు, నష్టపోయేది ఆ అమ్మాయే. నాలుగు రోజుల్లో పోయే మొటిమ తీసేయండి. పుట్టుమచ్చ, మచ్చ, చామనఛాయ అలాగే ఉండనివ్వండి.

ఒప్పుకోలు

ఫొటోలు ఎక్కడ వాడతారో షూట్‌కి ముందే కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. 18 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడే ఉండాలి, సంతకం వాళ్లు చేయాలి. బట్టలు, జుట్టు మీరు ముట్టుకుని సర్దొద్దు, నోటితో చెప్పండి. ధ్యాస మరచిన క్షణంలో బట్టలు జరిగిన ఫ్రేమ్ వస్తే ఆమె అడిగే దాకా ఆగకుండా అక్కడే చెరిపేయండి. ఆమె వద్దన్న ఫొటో ఎంత బాగున్నా వద్దన్నట్టే.

అభ్యాసం

తెలిసినవాళ్లలో ఒకరిని 40 నిమిషాలు అడిగి పెట్టుకోండి. మూడే పనులు: జుట్టు ముడి, నడక, ఒక ప్రశ్న. మొత్తం 150 ఫ్రేములు దాటొద్దు. అదే రోజు ఏరకండి, మర్నాడు చూడండి. మొదట కళ్లు పదునుగా లేనివి తీసేయండి. తర్వాత తలలోంచి మొలిచినట్టున్న కరెంటు స్తంభాలు, మణికట్టు మీద మరిచిపోయిన రబ్బరు బ్యాండు, జేబులో ఉబ్బిన ఫోను ఉన్నవి పక్కన పెట్టండి. మిగిలినవాటిలో 5 ఎంచి, ఒక్కొక్కటి ఏ పనిలో, ఎన్నో నిమిషంలో వచ్చిందో కింద రాయండి. ఫైల్‌లో సమయం ఉంటుంది కాబట్టి లెక్క తేలికే. వచ్చే పాఠంలో ఇదే నడకని జనం తిరిగే బజారులో, వెనక కదిలే మనుషులతో తీస్తాం. ఆ 5 ఫొటోలూ అప్పటికి దగ్గర ఉంచుకోండి.